శుక్రవారాల్లో ఎర్రగా కారిన పైకప్పు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఒకావిడ స్నానం చేసిన నీళ్లను, అవి ఏం నీళ్లో సగానికి పైగా ఊహించి కూడా, నేను కళ్లకద్దుకున్నాను. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం "తేమ ఎక్కువ" అని రాసి మూసేశాను.

ఇది పోయిన ఏడాది ఆషాఢంలో, బెంగళూరు బళేపేటలో జరిగింది. నాది సివిల్ డిప్లొమా. హిందూపురం నుంచి వచ్చి, హూడిలో ఒక పీజీలో ఉంటూ, వాటర్‌ప్రూఫింగ్ పనులు చేసే చిన్న కంపెనీలో సైట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. బాత్‌రూమ్ నేల కింద నీళ్లు చేరితే అవి ఎక్కణ్నుంచి చేరాయో కనిపెట్టడం నా పని. మనుషులతో ఎక్కువ మాట్లాడే అవసరం ఉండదనుకుని ఇందులో చేరాను. బస్సులో పుస్తకం చదువుకుంటూ వెళ్లి, టైల్స్ తట్టి చూసి, పుస్తకం చదువుకుంటూ తిరిగి రావచ్చనుకున్నాను. ప్రతి టైల్ మీదా ఎవరో ఒకరు నిలబడి ఉంటారని చేరాకే తెలిసింది.

మా పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. మన ఇళ్లలో బాత్‌రూమ్ దగ్గర స్లాబును మిగతా గదులకన్నా అడుగో, అడుగున్నరో కిందికి దించి పోస్తారు. దాన్ని సంకెన్ స్లాబ్ అంటాం. ఆ గుంతలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన సిమెంటు వేసి టైల్స్ అతికిస్తారు. చూడటానికి మెరిసే నేల, దాని కింద ఒక తొట్టి. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ పాడైతే, పోసుకున్న ప్రతి చెంబులోనూ కొంత ఆ తొట్టిలోకి దిగుతుంది. తొట్టి నిండేదాకా ఎవరికీ తెలియదు. నిండాక కిందివాళ్లకు తెలుస్తుంది. పైవాళ్లు చెప్పినా నమ్మరు.

బళేపేటలో ఆ ఇంటి కింది భాగం గోపాలశెట్టిగారి గాజుల అంగడి. పైన ఇంటి యజమానురాలు రుక్మిణమ్మగారు, ఆమె భర్త. రెండు కుటుంబాలూ తరాల కిందట బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లే. నేను మొదటిసారి వెళ్లేనాటికి వాళ్లకు మాటల్లేవు. శెట్టిగారు ఏమైనా చెప్పాలంటే మా ఆఫీసుకు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేవారు.

అంగడిలో గల్లాపెట్టె పైన ఒక గొడుగు తలకిందులుగా వేలాడుతోంది. దాని అడుగున చిల్లు పొడిచి, ప్లాస్టిక్ గొట్టం తగిలించి, గొట్టం చివర బకెట్‌లో పెట్టారు. మా ఇద్దరిలో ఇంజినీరు ఎవరా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

"చూడమ్మా," అన్నారు శెట్టిగారు. "మా తాత పెట్టిన అంగడి. ఇప్పుడు నేను గాజులు తొడిగేది తక్కువ, బకెట్లెత్తేది ఎక్కువ. ఆయమ్మను అడిగితే ఏమంటాదో తెలుసా? ఆ నీళ్లు నావి కావంటాది. మరి ఎవరివి? మా అంగడిలో మేఘం ఏమన్నా కట్టుకున్నానా నేను?"

పైకి వెళ్లాను. రుక్మిణమ్మగారు నన్ను నేరుగా స్నానాల గదికి తీసుకెళ్లారు. దాన్ని ఆమె బచ్చలిల్లు అంటారు.

"నా బచ్చలిల్లు చూసినావా పాపా? అద్దం పన్లేదు, నేలలోనే మొగం కనిపిస్తాది. వారం వారం యాసిడ్ వేసి రుద్దుతాను."

నేల నిజంగానే మెరుస్తోంది. టైల్స్ సందుల్లో మాత్రం ఏమీ లేదు. యాసిడ్ ముందు తినేది గ్రౌట్‌నే. నీళ్లు బయటికి పోయే రంధ్రాన్ని నహానీ ట్రాప్ అంటాం. దాని చుట్టూ సందుల్లోకి నా పెన్ను ములికి దిగిపోయింది.

"అమ్మా, ఆ యాసిడ్..." అన్నాను.

"మంచిదే పాపా. బ్రష్షు గూడా కొత్తది."

పాండింగ్ టెస్ట్ చెయ్యాలని చెప్పాను. అంటే ట్రాప్ మూసేసి, నేల మీద నీళ్లు నిలబెట్టి, రెండు రోజులు కింద ఏమవుతుందో చూడటం.

"రెండు దినాలు స్నానం లేకుండానా? ఈ శుక్రవారం వద్దు, తర్వాత చూస్తాం."

ముందు గదిలోంచి, పేపరు వెనక నుంచి, ఆమె భర్త గొంతు వినిపించింది. "నాకేం అభ్యంతరం లేదు."

"మీకెందుకుంటాది. మీకు స్నానమంటేనే అభ్యంతరం," అన్నారు రుక్మిణమ్మగారు.

ఆ తర్వాత మా సారు నన్ను అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీ పనికి పంపారు. మళ్లీ బళేపేట వెళ్లేసరికి మూడు వారాలు గడిచాయి. శ్రావణం దగ్గర పడింది. ఆ వీధిలో శ్రావణమంటే అందరి చేతులకూ కొత్త గాజులే. నేను వెళ్లింది శుక్రవారం, మధ్యాహ్నానికి కొంచెం ముందు.

గొడుగు లేదు. గొట్టం లేదు. గొడుగు వేలాడిన చోటు కింద తోమిన ఇత్తడి పళ్లెం, పక్కన ఊదుబత్తులు, పైన మేకుకు కనకాంబరాల మాల. దాని పక్కనే, గాజులు తొడిగించుకునే బల్ల మీద ఆడవాళ్లు ఒదిగి కూర్చున్నారు. పైకప్పు నుంచి పళ్లెంలోకి ఒక్కొక్క చుక్కే పడుతోంది. చుక్క ఎర్రగా ఉంది.

"చెప్పులు బయట విడిచి రామ్మా," అన్నారు శెట్టిగారు. నుదుట ఇంత బొట్టు. గొంతు కూడా తగ్గిపోయింది.

"శెట్టిగారూ, ఆ లీకేజీ..."

"ఆ మాట అనొద్దు." ఆయన నా దగ్గరికి వచ్చారు. "నువ్వు వచ్చిపోయిన వారమే మొదలైంది. మిగతా దినాలు మామూలు నీళ్లే. శుక్రవారం పది గంటలు దాటితే కుంకుమ నీళ్లు. అమ్మవారికి వారం తెలియకుండా ఉంటాదా? చెయ్యి చాపు."

బల్ల మీది ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. వద్దనాలంటే మాట్లాడాలి, కారణం చెప్పాలి. చెయ్యి చాపడానికి మాట అక్కర్లేదు. చాపాను. శెట్టిగారు ఉద్ధరిణెతో కొంచెం పోశారు.

అరచేతిలోంచి పసుపు వాసన వచ్చింది. మా ఇంట్లో శుభకార్యమైతే అమ్మ పళ్లెంలో నీళ్లు పోసి, పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్లు చేసి హారతి ఇస్తుంది. సిమెంటులో ఉన్నదీ దాదాపు ఆ సున్నపు గుణమే. పైన ఎవరైనా పసుపు వాడితే కిందికి ఏ రంగులో దిగుతుందో అక్కడే, ఆ పళ్లెం ముందే, నాకు సగం తెలిసిపోయింది. కానీ అందరూ చూస్తున్నారు. కళ్లకద్దుకున్నాను. తాగమంటారేమోనని భయం వేసి గబగబా మెట్లెక్కాను.

మెట్ల మధ్యలో రుక్మిణమ్మగారు ఎదురయ్యారు. పట్టుచీర, తడి జుట్టుకు తువ్వాలు, పసుపు పూసుకున్న ముఖం, చేతిలో కర్పూరం పళ్లెం.

"విన్నావా పాపా? నా బిల్డింగులో అమ్మవారు వెలసినాదంట. ఆయప్పతో మాటల్లేవని ఇన్ని దినాలు ఓర్చుకున్నాను. ఈ పొద్దు ఓర్చుకోలేను. జరుగు, తీర్థం తీసుకొని వస్తాను."

నేను జరగలేదు. మెట్లు ఇరుకు, నా భుజాన సామాన్ల సంచి. నేను జరగకపోతే ఆమె దిగలేరు.

"అమ్మా, ఇవాళ పసుపు పూసుకుని స్నానం చేశారా?"

"శుక్రవారం కదే. కీళ్ల నొప్పికి మంచిదంటే ఈ నెల్లోనే మొదలుపెట్టినాను. ఒళ్లంతా పట్టిస్తాను, గుప్పెడు పడతాది."

"ఎన్నింటికి?"

"తొమ్మిదికి. ఎందుకు?"

"కిందికి పదింటికి దిగుతోందమ్మా."

"ఏంది దిగేది?"

పైకి చూపించాను, కిందికి చూపించాను, చివరికి ఆమె ముఖం మీది పసుపు చూపించాను. "సిమెంటు తగిలితే ఎర్రబడుతుందమ్మా. హారతి నీళ్ల లాగా," అన్నాను.

రుక్మిణమ్మగారు మెట్టు మీద కూర్చున్నారు. కర్పూరం పళ్లెం ఒళ్లో పెట్టుకున్నారు. అప్పుడు అడిగారు. "ఎవరెవరికి పెట్టినాడు?"

"అంగడికి వచ్చినవాళ్లందరికీ."

"ఎదురింటి సుభద్రమ్మకు గూడానా? లావుపాటి ముక్కుపుడక. నేను పెట్టిన పులిహోర నాలిక్కి తగిలించి పక్కన పెట్టేస్తాది, నా చేతి శుభ్రం సరిపోదని."

అలాంటి ముక్కుపుడకావిడ నేను వచ్చేటప్పుడే అంగడి దిగి వెళ్తూ కనిపించారు. "ఆమె సీసాలో పట్టుకుని వెళ్లారమ్మా," అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమోనని కంగారుపడ్డాను. ఒళ్లో పళ్లెం గలగలలాడుతుంటే తెలిసింది, నవ్వుతున్నారని. నవ్వి, కళ్లు తుడుచుకుని, ఒక్కసారిగా ఆగిపోయారు.

"ఎవరికీ చెప్పొద్దు పాపా. ఈ వీధిలో నేను తల ఎట్ల ఎత్తుకొని తిరగాల? నా మీద ఒట్టు."

"ఒట్టు. చెప్పనమ్మా."

"అయితే ఆ నీళ్లు నావే అంటావు."

"అవునమ్మా."

"సరే. పగలగొట్టు."

పై నేలకు అనుమతి దొరికింది. మిగిలింది కింది పైకప్పు. అంగడిలో స్టూలెక్కి, ఇనుప కడ్డీతో ప్లాస్టరింగ్ తట్టుకుంటూ వచ్చాను. గట్టిగా ఉన్నచోట టక్ టక్ మంటుంది, వదిలేసినచోట డబ్ డబ్ మంటుంది. సరిగ్గా ఆడవాళ్లు కూర్చునే బల్ల పైన, ఆ బల్లంత మేరా, డబ్ డబ్ మంది. లోపలి ఇనుప కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బి, ప్లాస్టరింగ్‌ను కిందికి తోసేశాయి. ఏ రోజైనా పెచ్చు ఊడిపడుతుంది. గాజులు తొడిగించుకునే మనిషి రెండు చేతులూ శెట్టిగారికి అప్పగించి కూర్చుంటుంది. తల మీద ఏదైనా పడితే అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి కూడా ఉండదు. శ్రావణమొస్తే ఆ బల్ల ఒక్క నిమిషం ఖాళీగా ఉండదు.

శెట్టిగారితో ఇది మెల్లగా చెప్పాను. బల్ల ఇవాళే తీసేయాలని, పెచ్చులు రాల్చి మళ్లీ పూసేదాకా సగం అంగడి మూయాలని చెప్పాను.

"శ్రావణం పోనీ," అన్నారాయన.

"అంతవరకు ఆగదండీ."

"అమ్మవారున్న కప్పు ఊడుతాదా? నువ్వు చదువుకున్న అమ్మాయివి, నీకు ఇవి అర్థం కావులే."

బయటికొచ్చి మా సారుకు ఫోన్ చేశాను. "ఆయన వద్దంటే, వద్దన్నాడని రాయించుకుని వచ్చెయ్యి," అన్నారు. సలహా సరైనదే. బల్ల వైపు చూశాను. పెళ్లి కుదిరిన అమ్మాయి కాబోలు, రెండు చేతులూ చాపి కూర్చుంది. పక్కన వాళ్లమ్మ, పచ్చవి వద్దు ఎర్రవి తీయమని శెట్టిగారితో వాదిస్తోంది. వాళ్ల నెత్తి మీదే ఆ డబ్ డబ్. నాకు బస్సెక్కబుద్ధి కాలేదు. నిజం చెబుదామంటే మెట్ల మీద ఒట్టు వేసి వచ్చాను.

ఆ అంగడిలో గాజులు కొన్నవాళ్లకు చిన్న పసుపు పొట్లం, కుంకుమ పొట్లం ఊరికే ఇస్తారు. గల్లాపెట్టె పక్కన బుట్టలో ఉన్నాయి. ఒక పసుపు పొట్లం తీసుకున్నాను. స్టూలెక్కి, చుక్క కారే చోటు నుంచి తడి సిమెంటు రవ్వంత గోకి తెచ్చాను. శెట్టిగారిని పక్కకు పిలిచి, ఆడవాళ్లకు వీపు పెట్టి నిలబడి, అరచేతిలో రెండూ కలిపి వేలితో రుద్దాను. పసుపు మెల్లగా ఎర్రబడింది. చెయ్యి ఆయన ముందు పెట్టాను.

శెట్టిగారు నా అరచెయ్యి చూశారు. పైకప్పు చూశారు. మళ్లీ అరచెయ్యి చూశారు.

"తొమ్మిదింటికి పైన నీళ్ల చప్పుడు నాకు వినిపిస్తాది," అన్నారు నెమ్మదిగా. "ఈ పొద్దు శుక్రవారం."

నేను నోరు విప్పలేదు. ఒట్టు ఒట్టే.

ఆయన వెళ్లి గల్లాపెట్టె వెనక కూర్చున్నారు. కొంచెంసేపటికి చేత్తో దగ్గరికి రమ్మన్నారు. "నేను తాగినాను," అన్నారు చెవిలో.

"ఎప్పుడండీ?"

"మూడు శుక్రవారాలూ. భోజనం మానుకొని."

"ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగాను.

"బాగానే ఉండాది. మోకాలి నొప్పి గూడా తగ్గింది." ఆ మాట అన్నందుకు ఆయనకే కోపం వచ్చినట్టుంది. "పైన ఆయమ్మకు మాత్రం చెప్పొద్దు. తెలిసిందంటే బాడుగ పెంచుతాది."

"చెప్పనండీ."

"మరి వీళ్లకేం చెప్పాల? నా నోటితో లేయమని ఎట్ల అంటాను, మూడు వారాలు నేనే కూర్చోబెట్టి. ఇంజినీరువి, నువ్వే చెప్పు."

క్లాసులో ఒక్కసారి కూడా చెయ్యెత్తనిదాన్ని. బల్ల ముందు నిలబడి చెప్పిన మొదటి మాట గాజుల చప్పుడులో కలిసిపోయింది. రెండోసారి గట్టిగా అన్నాను.

"దయచేసి లేవండి. ఇక్కడ పెచ్చు వదిలేసి ఉంది. తల మీద పడుతుంది."

గాజులు ఆగాయి. "మరి తీర్థం?" అని ఎవరో అడిగారు. ఒట్టు వేయించుకున్నావిడ పైన ఉన్నారు, తాగినాయన పక్కనే ఉన్నారు.

నన్ను కాపాడింది ఆ పెళ్లికూతురి తల్లి. "తీర్థం పట్టుకునేసినాం కదా. ముహూర్తం పెట్టుకొని పిల్ల తల పగలగొట్టుకోవాలా? లేయే," అని కూతుర్ని రెక్క పట్టి లేపింది. ఆమె లేచాక మిగతావాళ్లూ లేచారు. కొందరికి ఒక చేతికే గాజులున్నాయి.

అందరూ గోడ వైపు జరిగాక, నమ్మకం కుదరనివాళ్లకు చప్పుడు వినిపిద్దామని కడ్డీ పైకెత్తి తట్టాను. రెండో దెబ్బకు దోసె పెనమంత పెచ్చు ఊడి బల్ల మీద పడింది. ఇత్తడి పళ్లెం ఎగిరి, వీధిలోకి దొర్లుకుంటూ పోయి, ఎవరి స్కూటరుకో తగిలి ఆగింది. ఊదుబత్తుల మీదుగా దుమ్ము లేచింది. పెళ్లికూతురు కూర్చున్నచోట ఇటుకంత సిమెంటు ముక్క పడి ఉంది.

ఆ తల్లి నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "అమ్మవారే ఈ పాప నోట చెప్పించింది," అంది. మిగతావాళ్లూ జోడించారు. ఒకావిడ నా కాళ్ల వైపు వంగబోయింది. నేల చీలి అందులోకి వెళ్లిపోతే బాగుండుననిపించింది. కానీ అది నా వృత్తి, నేల అంత తేలిగ్గా చీలదని నాకు తెలుసు. సంచి తీసుకుని మెట్ల కిందికి వెళ్లి నిలబడ్డాను.

సోమవారం నుంచి పని మొదలైంది. పైన టైల్స్ లేపితే ఇటుక ముక్కలన్నీ నీళ్లలో నానుతున్నాయి, నహానీ ట్రాప్ చుట్టూ మట్టి ఇంకా పసుపుగా ఉంది. ఆ నింపుడంతా తీసేసి, గుంతను ఆరబెట్టి, అడుగునా గోడల మూలల్లోనూ నీరు దిగని కోటింగ్ పూసి, మళ్లీ నింపి కొత్త టైల్స్ వేశాం. సందుల్లో ఈసారి ఎపాక్సీ గ్రౌట్ పెట్టాం. మామూలు గ్రౌట్‌కన్నా అది గట్టిది. అయినా యాసిడ్ సీసాను నేనే వెంట తీసుకెళ్లిపోయాను. కింద కమ్మీల తుప్పు గీకి, మందు పూసి, పైకప్పు కొత్తగా పూశాం. పాండింగ్ టెస్ట్ పెట్టిన రెండు రోజులూ రుక్మిణమ్మగారు స్నానానికి చెల్లెలి ఇంటికి వెళ్లారు. ఆమె భర్త మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. ఆ రెండు రోజులూ చాలా ఉత్సాహంగా కనిపించారు.

ఈ మధ్యలో శెట్టిగారు టీ ఇప్పించే నెపంతో పిలిచి, "పైన చెప్పలేదు కదా?" అని అడిగేవారు. రుక్మిణమ్మగారు పై మెట్టు మీద నుంచి వంగి, "కింద చెప్పలేదు కదా?" అని అడిగేవారు. ఇద్దరికీ లేదనే చెప్పాను, అది నిజం కూడాను. వాళ్లిద్దరి మధ్య మళ్లీ మాటలు కలిశాయి. ఆయన గాజులు పైకి పంపారు, ఆమె ఒబ్బట్లు కిందికి పంపారు. ఒకరినొకరు ఎప్పుడూ లేనంత మర్యాదగా పలకరించుకుంటుంటే, మధ్యలో మెట్ల మీద నిలబడి నవ్వు ఆపుకోవడం నాకు కష్టమయ్యేది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా సంచిలోంచి తేమ కొలిచే మీటరు తీసేముందు, ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఎలా స్నానం చేస్తారో అడుగుతాను. అడగడానికి సిగ్గే, అయినా అడుగుతాను. మీటరు తేమ ఉందని చెబుతుంది గాని, అది ఏ వారం తేమో చెప్పలేదు. ఇంకొకటి, కప్పు ఊడుతుందని చెప్పడం నా బాధ్యత. అది ఎవరి నీళ్లతో నాని ఊడుతోందో వీధికంతా చెప్పడం నా బాధ్యత కాదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో డిప్లొమాలో ఎవరూ చెప్పలేదు. (ఆ వీధి పేరు తప్ప, ఇక్కడ నేను రాసిన మనుషుల పేర్లూ గుర్తులూ మార్చాను.)

శ్రావణంలో ఒక శుక్రవారం చివరిసారి చూసి రావడానికి వెళ్లాను. కింద బల్ల నిండా ఆడవాళ్లు, పైన తెల్లగా, పొడిగా ఉన్న కప్పు. మేడ మీద రుక్మిణమ్మగారు తలుపు తీశారు. ముఖానికి పసుపు లేదు. స్నానాల గదంతా మీటరు పెట్టి చూశాను. ఇంక ఒక్క చుక్క కూడా దిగదని, ఎంత పసుపు కావాలంటే అంత పూసుకోవచ్చని చెప్పాను. ఆమె నన్ను వాకిలి దాకా సాగనంపి, మెట్ల కిందికి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించి అన్నారు.

"నువ్వు చెప్పేది నిజమే పాపా. అయినా చెంబు ఎత్తినప్పుడల్లా, కింద ఎవరో చెయ్యి చాపుకొని నిలబడుకున్నట్టే ఉండాది నాకు."